టాపర్‌కి శాలువా సరే, తొమ్మిదో తరగతి భాగహారం సంగతేంటి?

పదో తరగతి ఫలితాలు రాగానే అమెరికాలోని మన సంఘం వాట్సాప్ గ్రూపులో ప్రతి ఏడాదీ ఒకటే హడావిడి. నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) హైస్కూళ్ల టాపర్లకు నగదు బహుమతి, శాలువా, వెనకాల దాతల ఫొటోలతో ఫ్లెక్సీ. 2025లో తెలంగాణలో రెగ్యులర్‌గా పరీక్ష రాసినవాళ్లలో 92.78 శాతం పాసయ్యారు. సంతోషమే. అయితే పాసయినవాళ్లందరికీ చదవడం, లెక్క చేయడం వచ్చని ఆ అంకె చెప్పదు. అందుకే నేననేది ఇది: రెండు మూడేళ్లు టాపర్ల బహుమతులు ఆపి, ఆ డబ్బు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో వెనకబడిపోయిన పిల్లల మీద పెడదాం.

ప్రథమ్ సంస్థ చేసే అసర్ సర్వే 2023లో 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ పిల్లల్ని పరీక్షించింది. దేశంలో 28 జిల్లాలు. దాదాపు నాలుగో వంతు మంది తమ భాషలో రెండో తరగతి పాఠం తడుముకోకుండా చదవలేకపోయారు. సగం కంటే ఎక్కువ మందికి మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం రాలేదు. ఇది మన జిల్లాల లెక్క కాదు గానీ, మన హైస్కూళ్లలో పాఠం చెప్పే ఎవర్ని అడిగినా ఆశ్చర్యపోరు.

618ని 6తో భాగించమంటే చాలామంది పిల్లలు 13 అని రాస్తారు. ఆరులో ఆరు ఒకసారి పోయింది, ఒకటి దించారు, అందులో ఆరు పోదు. అక్కడ సున్నా వేయాలి, వేయలేదు. ఇంకో అంకె దించి 18లో మూడు సార్లు అని ముగించారు. ఆరు వందల రూపాయలు ఆరుగురికి పంచితేనే తలా వంద వస్తుంది కదా, పదమూడు ఎలా వచ్చిందన్న అనుమానం రాదు. అదే పిల్లాడు సంతలో చిల్లర మాత్రం తప్పు పోకుండా లెక్కపెడతాడు! పద్ధతి బట్టీ పట్టాడు, స్థానవిలువ మాత్రం తెలియదు. ఈ పిల్లాడికే పదో తరగతిలో ఓమ్ నియమం చెప్తాం. సూత్రం అప్పజెప్తాడు, వోల్టేజీని నిరోధంతో భాగించాల్సిన దగ్గర ఆగిపోతాడు.

చదవడం సంగతి ఇంకా మోసం. నోటుబుక్కు చూస్తే ముచ్చటేస్తుంది, గుండ్రని అక్షరాలు, ఎర్ర ఇంకు టిక్కులు. అంతా గైడులోంచి దించిందే. తను రాసిన ‘కిరణజన్య సంయోగక్రియ’ను తననే చదవమంటే ఒత్తుల దగ్గర చిక్కుకుంటాడు.

తప్పు డిటెన్షన్ (ఫెయిలైతే అదే తరగతిలో ఉంచడం) తీసేసిన విద్యాహక్కు చట్టానిదే అనేవాళ్లతో నేను ఏకీభవించను. రానిది మళ్లీ అలాగే చెప్తే రెండో ఏడు మాత్రం ఎలా వస్తుంది? కారణాలు ఊళ్లోనే ఉన్నాయి. గద్వాల వైపు సీడ్ పత్తి క్రాసింగ్ మొదలైతే పొద్దున్నే పువ్వు పువ్వుకీ పుప్పొడి అద్దడానికి పిల్లలు చేనుకు పోతారు. పేరు రిజిస్టర్లో ఉంటుంది, పిల్ల ఉండదు. దేవరకొండ తండాల్లో ఇంటి భాష లంబాడీ, బడిలో తెలుగు, 2022 నుంచి పుస్తకంలో ఇంగ్లిష్ కూడా. అమ్మానాన్న వలసపోతే అవ్వ దగ్గర ఉండే పిల్లలున్నారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతమే. హోంవర్క్ చూసేదెవరు?

హైస్కూల్ టీచర్ల మీద పడటం కూడా న్యాయం కాదు. ఫిజిక్స్ చెప్పే స్కూల్ అసిస్టెంట్‌కి ఫిజిక్స్ చెప్పడం నేర్పారు, గుణింతాలు నేర్పడం కాదు. సిలబస్ పూర్తి చేయాలన్న టెన్షన్ నెత్తిన ఉండనే ఉంది. ప్రభుత్వానికి ఈ విషయం తెలియదనీ కాదు. వెనకబడిన పిల్లల కోసం ప్రాథమిక తరగతులకు 2022లో తొలిమెట్టు, ఆ తర్వాతి ఏడాది హైస్కూల్ తరగతులకు ఉన్నతి అనే కార్యక్రమాలు వచ్చాయి. పని జరగాల్సిన చోట మనిషీ సమయమూ చాలడం లేదు. పదో తరగతికి పెట్టే సాయంత్రం స్పెషల్ క్లాసులేమో ముఖ్యమైన ప్రశ్నలు, బిట్లు బట్టీ పట్టించడానికే సరిపోతాయి.

మనం ఇచ్చేవి ప్రొజెక్టర్లు, బెంచీలు, గేటు. వాటికైతే శిలాఫలకం వేయించుకోవచ్చు మరి! నేను అడుగుతున్నది జీతం. ఊళ్లోనే ఉన్న డిగ్రీ పిల్లకో, డీఎడ్ చేసి ఖాళీగా ఉన్న కుర్రాడికో నెలనెలా గౌరవ వేతనం. పిల్లలకు తరగతితో పని లేకుండా, ఎవరికి ఎంతవరకు వచ్చో అక్కడి నుంచి మొదలుపెట్టి, రోజుకో గంట. అక్షరాల దగ్గర ఆగినవాళ్లు ఒక జట్టు, పేరా చదవగలిగినవాళ్లు ఇంకో జట్టు. లెక్కలకు కాగితం నోట్లు, పుల్లల కట్టలు చాలు. తొమ్మిదో తరగతి పిల్లాణ్ణి మాత్రం ఒకటో తరగతి వాచకం ముందు కూర్చోబెట్టకూడదు, సిగ్గుపడి మర్నాటి నుంచి రాడు. క్రికెట్ వార్త, ఎరువు బస్తా మీది రాతలు ఇచ్చి చదివించాలి.

డబ్బే ఇవ్వాలని కూడా లేదు. ఊళ్లో సాయంత్రం అయిదున్నర అంటే ఎండాకాలంలో న్యూజెర్సీలో పొద్దున ఎనిమిది. ఒక పిల్ల వీడియో కాల్‌లో ఒక పేజీ చదువుతుంటే వినడానికి మన ఇళ్లలో తీరిక ఉన్న అమ్మమ్మలు, తాతయ్యలు లేరా?

డిసెంబరులో ఊరెళ్లేవాళ్లకు ఒక పని. హెడ్మాస్టర్ గారి అనుమతి తీసుకుని, తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినే వరండాలోకి పిలిచి ఒక పేరా చదివించండి, ఒక భాగహారం ఇవ్వండి. మనిషికి అయిదు నిమిషాలు పడుతుంది. అందరి ముందూ అడగొద్దు, ఫొటోలు తీయొద్దు. ఆ కాగితాలు జనవరి మీటింగ్‌కు తెస్తే బడ్జెట్ వాటిని చూసి మాట్లాడుకుందాం.