సుధా చంద్రన్ అంటే ‘మయూరి’ ఒక్కటేనా?

డాన్సర్, నటి సుధా చంద్రన్ గురించి ఎవరు పోస్ట్ పెట్టినా అదే కథ. 1981లో బస్సు ప్రమాదం, గాయం ముదిరి కాలు తీసేయడం, జైపూర్ ఫుట్ అనే కృత్రిమ కాలు, మళ్ళీ స్టేజీ మీద భరతనాట్యం, 1985లో సింగీతం శ్రీనివాసరావు గారి ‘మయూరి’. అక్కడితో ఆపేస్తారు. ఆ తర్వాత ఆవిడ ఏళ్ళ తరబడి టీవీలో చేసిన పని ఎవరికీ పట్టదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

‘మయూరి’ని తక్కువ చేయడం లేదు. తన కథలో తనే నటించి నేషనల్ అవార్డుల్లో స్పెషల్ జ్యూరీ అవార్డు తెచ్చుకోవడం మామూలు విషయమా! కానీ మొదటి సినిమాకే అంత పేరొచ్చినా, సినిమాల్లో మళ్ళీ అంతటి పాత్ర దొరకలేదు. ఆవిడని నిలబెట్టింది టీవీ.

2001లో స్టార్ ప్లస్‌లో మొదలైన హిందీ సీరియల్ ‘కహీ కిసీ రోజ్’లో ఆవిడ చేసిన రమోలా సికంద్ పాత్ర గుర్తుందా? అందరూ ఆ వెరైటీ బొట్ల గురించే మాట్లాడతారు, నేను మాత్రం ఆ కళ్ళు చూడమంటాను. డైలాగ్ ఇంకా మొదలవ్వదు, తల కదలదు, ముందు కనుపాప పక్కకి జరుగుతుంది, తర్వాత ఒక కనుబొమ్మ లేస్తుంది, అప్పుడు మెల్లగా నవ్వు. చిన్నప్పుడు నేనూ కొన్నాళ్ళు డాన్స్ క్లాసుకి వెళ్ళాను, అద్దం ముందు కూర్చోబెట్టి కళ్ళు తిప్పించేవారు, పది నిమిషాలకే నీళ్ళు కారేవి. అందుకే ఆ చూపు వెనక ఎంత సాధన ఉందో నాకు కొంచెమైనా తెలుసు. సీరియల్ అంటేనే క్లోజప్‌లు, అక్కడ కాళ్ళు కనిపించవు, అభినయం తప్ప ఇంకేదీ కాపాడదు. అది ఓవరాక్షన్ అని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది.

2015లో హిందీ సీరియల్ ‘నాగిన్’లో యామిని కూడా ఆవిడే. తమిళ సీరియల్స్ సరేసరి.

2021 అక్టోబర్‌లో ఆవిడ పెట్టిన వీడియో చూశారా? పని మీద ఫ్లైట్ ఎక్కిన ప్రతిసారీ ఎయిర్‌పోర్ట్‌లో కృత్రిమ కాలు తీసి చూపించమంటున్నారని, తనలాంటి వాళ్ళకి ఒక కార్డు ఇవ్వమని ప్రధానిని అడిగారు. ఎయిర్‌పోర్ట్ భద్రత చూసే సీఐఎస్ఎఫ్ క్షమాపణ చెప్పింది. ఆ వీడియో కింద కూడా జనం ‘మీరు మాకు స్ఫూర్తి మేడమ్’ అనే రాశారు. ఆవిడ అడిగింది అది కాదండీ, పనికి వెళ్ళే దారిలో ఆ అవమానం లేకుండా చూడమని.