మన ముఖం మనకు కనపడకుండా పెట్టుకోండి

వరుస వీడియో మీటింగుల అలసటకు స్క్రీన్‌ను ఎక్కువసేపు చూడటమే కారణమని ఈమధ్య ఒక వ్యాసంలో చదివా. అది సగమే నిజం. నేను కడపలో ఇంటి నుంచే పని చేస్తున్నా. రోజుకు ఐదారు మీటింగులు. లెక్కల షీటు ముందు నాలుగు గంటలు కూర్చున్నా రాని నీరసం ఒక్క గంట మీటింగుకే వస్తుంది.

2021లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ దీనికి నాలుగు కారణాలు చెప్పారు: అందరూ దగ్గర నుంచి మనల్నే చూస్తున్నట్టుండటం, మన ముఖం మనకే ఎదురుగా కనిపిస్తుండటం, కదలకుండా కూర్చోవడం, తలూపడం లాంటి సైగలు కూడా పనిగట్టుకుని చేయాల్సి రావడం.

నన్ను ఎక్కువ పీడించింది రెండోది. అవతలివాళ్లు చెప్పేది వింటూనే నా జుట్టు, కళ్ల కింద నలుపు చూసుకునేదాన్ని. సెట్టింగుల్లో నా వీడియో నాకు మాత్రం కనపడకుండా పెట్టుకున్నా. వాళ్లకు కనిపిస్తూనే ఉంటా. మొదటి రోజే తేడా తెలిసింది.

మీటింగు మధ్యలో అమ్మ అన్నానికి పిలిస్తే నోరు తెరిచి జవాబు కూడా చెప్పలేక చెయ్యి ఊపి పంపించేదాన్ని. ఆ బాధ ఇంకా ఉంది.

మేనేజర్లకు ఒక్క మాట. ముఖాలు చూసుకోనక్కర్లేని పనికి ఫోన్ చేయండి. ఫోనైతే మిద్దె మీద నడుచుకుంటూ మాట్లాడతాం.