క్లిప్పుల వైద్యాన్ని తొందరపెడితే ఎంత కలిసొస్తుంది?

పెళ్లి ముహూర్తం లోపు పళ్ల క్లిప్పులు తీసేయాలి, ఆరు నెలల్లో అవుతుందా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ ఆత్రుతకు జవాబుగా కంపించే పరికరాలు, లేజర్లు, ఎముకకు చిల్లులు ప్యాకేజీల్లోకి వచ్చాయి. డబ్బు కట్టేముందు చిన్న లెక్క వేసుకోవాలి.

ఎత్తుపళ్లకు చాలాసార్లు కోరపన్ను వెనకున్న చిన్న దవడపన్ను తీసేస్తారు. దాదాపు 7 మిల్లీమీటర్ల ఖాళీ వస్తుంది. కోరపన్ను అందులోకి నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. జరిగే వైపు ఎముక కరగాలి, వదిలిన వైపు కొత్తది పుట్టాలి. గట్టిగా లాగితే త్వరగా వస్తుందనుకోవడం పొరపాటు. పంటి వేరుకూ ఎముకకూ మధ్య ఉన్న పలచని పొరలో రక్తనాళాలు నలిగి కణాలు చచ్చిపోతాయి. ఆ భాగాన్ని శరీరం తొలగించేదాకా రెండు మూడు వారాలు పన్ను కదలదు. వేరు కొస అరిగే ప్రమాదమూ ఉంది.

నిజంగా వేగం పెంచేది ఎముకకు తగిలే గాయం. గాయమైన చోట మరమ్మతు ఊపందుకుని ఎముక కొన్నాళ్లు మెత్తబడుతుందని అమెరికా ఎముకల వైద్యుడు హెరాల్డ్ ఫ్రాస్ట్ 1983లో వివరించారు. అమెరికాలో దంతవైద్యులైన విల్కో సోదరులు పంటి చిగురు లేపి, ఎముక పైపొరకు గాట్లు పెట్టి, పైన ఎముక పొడి వేసే పద్ధతిని 2001లో ప్రచురించారు. అది పనిచేస్తుంది. కాకపోతే ఆ ఊపు మూడు నాలుగు నెలలే. ఆ రోజుల్లో రెండు వారాలకోసారి వైరు సరిచేయాలి. ఆరు వారాలకు రమ్మంటే ఆపరేషన్ బాధ మిగులుతుంది, లాభం జారిపోతుంది.

చిగురు లేపకుండా గుచ్చే చిల్లుల సంగతి వేరు. 28 రోజుల్లో 2.3 రెట్ల వేగమని 2013లో న్యూయార్క్ పరిశోధన చెప్పింది. తర్వాత మూడు నెలలపాటు కొలిచిన ఒక పరీక్షలో తేడా కనిపించలేదు. రోజుకు 20 నిమిషాలు నోట్లో పెట్టుకునే కంపన పరికరమూ బ్రిటన్‌లో 2015 నాటి పరీక్షలో పళ్లను ముందుగా వరస చేయలేదు. దాని మీద ఖర్చు దండగనే నా అభిప్రాయం.

కాలం అసలు కరిగేది ఇంట్లోనే. జంతిక కొరికితే బ్రాకెట్, అంటే వైరును పట్టి ఉంచేలా పంటికి అతికించిన చిన్న ముక్క, ఊడుతుంది. ఇక ఆ పన్నుకు వైరు పట్టు ఉండదు, మెల్లగా పాత వంకరకు తిరుగుతుంది. నెల తర్వాత అతికించబోతే మందపాటి స్టీలు వైరు బ్రాకెట్ గాడిలో కూర్చోదు. మళ్లీ సులువుగా వంగే సన్న నైటినాల్ (నికెల్-టైటానియం) వైరుతో మొదలుపెట్టాలి. అలా ఒకటి రెండు నెలలు పోతాయి. రోజంతా వేసుకోవాల్సిన రబ్బరు బ్యాండ్లు రాత్రిపూటే వేసుకున్నా అంతే. అందుకే బ్రాకెట్ ఊడిన రోజే ఫోన్ చేయాలి, తదుపరి తేదీ దాకా ఆగకూడదు. నొప్పికి ఇబుప్రోఫెన్ రోజుల తరబడి మింగితే పంటి కదలికకు అవసరమైన ప్రోస్టాగ్లాండిన్లు అనే శరీర రసాయనాలు తగ్గుతాయి. వైరు బిగించాక ఒకటి రెండు రోజులుండే నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది.