రిమోట్ మన చేతిలో ఉన్నా కారణం దొరకదు

1999 ఏప్రిల్ 20న అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు 12 మంది తోటి పిల్లల్ని, ఒక టీచర్‌ని కాల్చి చంపి, తామూ కాల్చుకుని చనిపోయారు. ఆ ఘటన స్ఫూర్తిగా గస్ వాన్ శాంట్ తీసిన ‘ఎలిఫెంట్’ సినిమాకి 2003 కేన్స్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం పామ్ డోర్‌తో పాటు ఉత్తమ దర్శకుడి అవార్డు కూడా దక్కింది. అవార్డుల సంగతి అలా ఉంచితే, ఇది థియేటర్లో కన్నా ఇంట్లో చూడాల్సిన సినిమా అని నా అభిప్రాయం. హెచ్‌బీవో టీవీ సంస్థ కోసం తీసింది కాబట్టి ఫ్రేమ్ కూడా పాత టీవీల ఆకారంలోనే ఉంటుంది. కానీ నేను ఇంట్లో చూడమనేది అందుకు కాదు. ఇంట్లో మన చేతిలో రిమోట్ ఉంటుంది, ఈ సినిమా పరీక్ష పెట్టేది సరిగ్గా ఆ రిమోట్‌కే.

నిడివి 81 నిమిషాలే. అందులో చాలాసేపు కెమెరా పిల్లల వెనకాలే నడుస్తూ ఉంటుంది. కారిడార్‌లో జాన్ ఎదురవుతాడు, ఇలయాస్ అతన్ని ఫొటో తీస్తాడు, పక్క నుంచి మిషెల్ పరుగెత్తుకుంటూ వెళ్లిపోతుంది. అంతే సీను. అదే సీను కాసేపటికి ఇంకొకరి వైపు నుంచి, ఆ తర్వాత మరొకరి వైపు నుంచి మళ్లీ వస్తుంది. బోర్ కొట్టి ఫార్వర్డ్ చేస్తే మిగిలేవి తుపాకీ శబ్దాలే. ఆ పిల్లలు ఎవరో తెలియకుండానే వాళ్ల చావు చూసేస్తాం. అది వార్త చూసినట్టే అవుతుంది.

రివైండ్ చేసేవాళ్లది ఇంకో రకం ఆశ. ‘ఎందుకు చేశారు’ అన్న ప్రశ్నకి జవాబు ఎక్కడో మిస్సయ్యామని వెనక్కి వెళతారు. సినిమాలో హంతకులు అలెక్స్, ఎరిక్. క్లాసులో అలెక్స్ మీద కాగితం ఉండలు విసురుతారు. ఇంట్లో అతను పియానో మీద బీథోవెన్ వాయిస్తుంటే, స్నేహితుడు ఎరిక్ లాప్‌టాప్‌లో మనుషుల్ని కాల్చే గేమ్ ఆడుతుంటాడు. టీవీలో హిట్లర్ డాక్యుమెంటరీ. ఇంటికి పార్సిల్‌లో తుపాకీ వస్తుంది. టీవీ చర్చల్లో వినిపించే కారణాలన్నీ ఇక్కడ వరసగా ఉన్నాయి, కానీ దేనికీ దర్శకుడు ఓటు వెయ్యడు. నిజం చెప్పాలంటే ఆ హిట్లర్ డాక్యుమెంటరీ, షవర్ దగ్గర ఆ ఇద్దరి ముద్దు నాకు బయటి నుంచి తెచ్చి అతికించినట్టే అనిపించాయి. కారణాలు చెప్పను అనుకున్న దర్శకుడు అంత సులువైన ఎరలు వెయ్యడం దేనికి? థియేటర్లో జారిపోయే ఈ లోపం రెండోసారి ఇంట్లో చూస్తే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

అయినా ఈ మౌనానికి ఒక విలువ ఉంది. కొలంబైన్ హంతకులు ముందే క్యామ్‌కార్డర్ ముందు కూర్చుని తమ గురించి తామే గంటలకొద్దీ మాట్లాడుకున్నారు. లోకం చూస్తుందన్న నమ్మకంతోనే ఆ టేపులు చేశారు. కొందరు విలేకరులకి, బాధిత కుటుంబాలకి చూపించారు తప్ప, అధికారులు వాటిని జనంలోకి వదల్లేదు. 2011లో ధ్వంసం చేసేశారు. వాన్ శాంట్ తన సినిమాలోని హంతకులకి ఆ అవకాశమే ఇవ్వలేదు. కెమెరా వైపు తిరిగి ఉపన్యాసం ఇవ్వరు. బెడ్‌రూమ్‌లో ప్లాన్ వేసుకుంటుంటే రేపటి క్లాసు ప్రాజెక్టు గురించి మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. ఒళ్లు జలదరించేది అక్కడే.

ఇక వయసు గొడవ. అమెరికాలో దీనికి ‘ఆర్’ రేటింగ్ ఇచ్చారు, అంటే 17 ఏళ్ల లోపు వాళ్లు థియేటర్‌కి పెద్దవాళ్లతోనే రావాలి. డిస్క్ ఇంటికి చేరాక ఆ కాపలా ఉండదు. బ్రిటన్‌లో 1984లోనే వీడియోల కోసం విడిగా చట్టం చేశారు; రెండేళ్ల పసివాడిని ఇద్దరు పదేళ్ల పిల్లలు చంపిన కేసు తర్వాత 1994లో దాన్ని ఇంకా బిగించారు. ఇంట్లో ఎవరు చూస్తారో, ఏ సీను ఎన్నిసార్లు తిప్పి చూస్తారో ఎవరి అదుపులోనూ ఉండదన్న భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఈ సినిమాలో తిప్పి చూసి మురిసిపోయేలా ఒక్క హత్య కూడా తీయలేదు. పదిహేనేళ్ల పిల్లలున్న తల్లిదండ్రులు దాచిపెట్టడం కన్నా పక్కన కూర్చుని చూడటం మేలు. మొదటి అరగంట ఏమీ జరగడం లేదని పిల్లలు విసుక్కున్నా ఫార్వర్డ్ చెయ్యనివ్వకండి.