ఆ క్వీన్ బలి సరైనది కాదు

మొన్న ఆదివారం చెన్నైలో పిల్లల టోర్నమెంట్‌లో మా అపార్ట్‌మెంట్ కుర్రాడొకడు, పదేళ్లవాడు, అయిదో ఎత్తుకే క్వీన్‌ని వదిలేసి ఏడో ఎత్తులో ఆటకట్టు చేశాడు. వాళ్ల మేనమామ దాన్ని వీడియో తీసి ఇక్కడి తెలుగువాళ్ల గ్రూపుల్లో పెట్టారు. నాలుగు రోజుల్లో అది ఎంత తిరిగిందంటే, నెల్లూరు నుంచి మా పెదనాన్న కొడుకు నాకే తిరిగి పంపాడు. వీడియో కింద రాసింది ఇదీ: "ఈ బలి నూటికి నూరుపాళ్లు కరెక్ట్, గెలిచాడుగా! ఇది పుస్తకాల్లో ఉన్న ఎత్తే. తాల్ ఇలాగే ఆడేవాడు. గుకేశ్ కూడా అవతలివాడి తప్పుతోనే ఛాంపియన్ అయ్యాడు. తప్పుపట్టే కోచ్‌లు పిల్లల ధైర్యాన్ని చంపేస్తున్నారు."

శనివారాలు వాడికి ఆట నేర్పేది నేనే. తప్పుపట్టిందీ నేనే. అందుకే రాస్తున్నాను.

ముందు ఆట చూడండి, ఇంట్లో బోర్డు ఉంటే పేర్చుకోండి (గడి పేరులో అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస). మనవాడు తెల్లపావులు. ఈ4, ఈ5. గుర్రం ఎఫ్3, నల్లబంటు డీ6. బిషప్ సీ4, నల్లగుర్రం సీ6. రెండో గుర్రం సీ3, నల్ల బిషప్ జీ4. ఎఫ్3లో ఉన్న గుర్రం కదిలితే వెనక డీ1లో ఉన్న క్వీన్ పోతుంది. అయినా మనవాడు ఆ గుర్రంతోనే ఈ5 బంటుని కొట్టాడు. అవతలి పిల్లవాడు ఆశపడి క్వీన్‌ని తీసేశాడు. బిషప్ ఎఫ్7 కొట్టి చెక్, రాజు ఈ7కి, గుర్రం డీ5కి. ఆటకట్టు. చూడ్డానికి ఎంతో అందంగా ఉంది, కాదనను.

"గెలిచాడు కాబట్టి కరెక్ట్" అన్నదే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. బలి, అంటే లాభం కోసం కావాలని పావుని వదలడం, నిలుస్తుందా లేదా అన్నది అవతలివాడు ఆడిన ఎత్తుని బట్టి కాదు, ఆడగలిగిన వాటిలో మంచి ఎత్తుని బట్టి తేలాలి. ఇక్కడ ఆ ఎత్తు కోసం కంప్యూటర్ అక్కర్లేదు. సీ6 గుర్రం ఈ5 గుర్రాన్ని కొడితే చాలు. అక్కడ కూర్చున్న నల్లగుర్రం జీ4 బిషప్‌కి కాపలా కాస్తుంది, మన సీ4 బిషప్ మీదికీ వస్తుంది. క్వీన్ మీద దాడి ఎలాగూ ఉంది. మన బిషప్‌ని ఈ2కి వెనక్కి తెచ్చి రెండిటినీ కాపాడుకోవచ్చు, కానీ గుర్రం పోయింది, బదులుగా చేతికొచ్చింది ఒక్క బంటు. బాగున్న ఆటని అయిదో ఎత్తులో చేజేతులా పోగొట్టుకోవడమే అది.

పుస్తకాల్లో ఉందన్నది సగం నిజం. 18వ శతాబ్దపు పారిస్‌లో పేరున్న ఆటగాడు ఫిలిడోర్‌కి ఆట నేర్పిన లెగాల్ పేరుతో ఈ ఆటకట్టు ప్రసిద్ధం. కానీ పుస్తకాల్లో కనిపించే ఆ ఆటలో నల్లవాళ్లు గుర్రాన్ని సీ6కి తేలేదు, జీ6 బంటు తోశారు. అందువల్ల క్వీన్‌ని తీసుకోకుండా బంటుతో ఈ5 గుర్రాన్ని కొట్టినా, తెల్లక్వీన్ జీ4 బిషప్‌ని తినేస్తుంది, ఒక బంటు లాభం. ఒక్క గుర్రం ఒక గడి మారితే బలి తప్పైపోతుంది. పిల్లలు నేర్చుకోవాల్సింది ఈ తేడానే, వీడియోలో అదే లేదు.

బలులకు పేరుపడ్డ సోవియట్ ప్రపంచ ఛాంపియన్ మిఖాయిల్ తాల్ మాట ఎత్తారు. ఈ ఊళ్లో ఆ పేరంటే మాకూ ప్రాణమే. 1970ల్లో ఇక్కడి సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో ఆయన పేరుతోనే క్లబ్ నడిచింది, విశ్వనాథన్ ఆనంద్ చిన్నప్పుడు అక్కడ ఆడినవాడే. 1960లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ బొట్విన్నిక్‌తో టైటిల్ పోరు ఆరో ఆటలో తాల్ గుర్రాన్ని ఎఫ్4లో బలిచ్చాడు. ఆ బలిలో లోపాలున్నాయని తరవాత విశ్లేషకులు చూపించారు, అదీ నిజమే. కానీ గడియారం నడుస్తుండగా ఆ చిక్కుముడి విప్పడం బొట్విన్నిక్ వల్లే కాలేదు. మన కుర్రాడి బలికి జవాబు ఎదురుగా ఉన్న ఒక్క గుర్రపు ఎత్తు. రెండిటినీ ఒక గాటన కట్టడం తాల్‌కి అన్యాయం.

గుకేశ్ సంగతి విని మాత్రం నాకు బాధేసింది. మన తెలుగింటి పిల్లవాడు, ఈ ఊళ్లోనే పెరిగాడు. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ పద్నాలుగో ఆట. అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ రూక్‌ని ఎఫ్2కి జరిపి తప్పు చేసింది నిజం. అప్పటిదాకా గుకేశ్ ఏం చేశాడు? డ్రా దిశగా పోతున్న ఆటలో ఒక బంటు ఎక్కువ పెట్టుకుని, ఏదీ పణంగా పెట్టకుండా గంటల తరబడి ఒత్తిడి పెట్టాడు. డింగ్ సరిగ్గా ఆడితే ఆట డ్రా అయ్యేది, అంతే. మనవాడి ఎదుటివాడు సరిగ్గా ఆడితే ఏమయ్యేదో పైన చెప్పాను. అవతలివాడి తప్పు కోసం కాచుకోవడం వేరు, ఆ తప్పు జరక్కపోతే మనమే మునిగిపోయేలా ఆడటం వేరు. ఓడిపోతున్న ఆటలో తెగించి బలివ్వమని నేనే చెబుతాను. అయిదో ఎత్తుకి ఆ అవసరం రాలేదు.

ఇక ధైర్యం. ఆదివారం సాయంత్రం వాడే బోర్డు చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. హాల్లో చాప మీద పేర్చాం. నేను తప్పు అనలేదు. "నువ్వు నల్లపావులు తీసుకో, నేను నీ ఎత్తే ఆడతాను" అన్నాను. ఈ5 బంటుని కొట్టాను. వాడి చెయ్యి క్వీన్ దాకా వచ్చి ఆగింది. ఒక్క నిమిషం చూశాడు. మెల్లగా సీ6 గుర్రాన్ని పట్టుకున్నాడు. "అయ్యో అంకుల్, ఇది ఉందిగా!" మొహం చిన్నబోలేదు, కళ్లు పెద్దవయ్యాయి.

"మరి ఆ బలి నిలవాలంటే ముందు ఏం ఆడాలిరా?" అన్నాను. మూడు నాలుగు ఎత్తులు తిరగేసి, ఈ5 కొట్టే ముందు తెల్లబంటుని హెచ్3కి తోశాడు. బిషప్ హెచ్5కి తగ్గితే అప్పుడు ఈ5 కొట్టొచ్చు. సీ6 గుర్రం మన గుర్రాన్ని తింటే క్వీన్ హెచ్5 బిషప్‌ని తింటుంది. ఆ గుర్రం సీ4 బిషప్‌ని తీసుకున్నా, క్వీన్ బీ5లో చెక్ చెప్పి దాన్నీ పట్టేస్తుంది. లెక్క చూస్తే ఒక బంటు మిగులు.

"తగ్గకుండా ఎఫ్3 గుర్రాన్నే కొట్టేస్తే?" అని వాడే అడిగాడు. క్వీన్‌తో తిరిగి కొట్టి, ఎఫ్7 వైపు చూసి, "తరవాతి ఎత్తుకే ఆటకట్టు బెదిరింపు అంకుల్" అన్నాడు. తొమ్మిదిన్నరకి వాళ్లమ్మ భోజనానికి పిలిచేదాకా ఇద్దరం అక్కణ్నించే ఆడుతూ కూర్చున్నాం.