రూల్ బుక్ గారికి కర్చీఫ్ లేని ప్రయాణికుడు రాయునది

విశాఖపట్నం

మహారాజశ్రీ యు-గి-ఓ అనే కార్డుల ఆట రూల్ బుక్ గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేం క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు, మూడేళ్లకోసారి మరికాస్త ఒళ్లు చేసి కనిపిస్తూనే ఉన్నారు.

ముందుగా మా ఇంట్లో మీరు పెట్టిన మొదటి చిచ్చు గురించి. 2011లో మీరు నల్ల రంగు కార్డులు దింపారు. ఒకే లెవెల్ ఉన్న రెండు మాన్‌స్టర్లను ఒకదాని మీద ఒకటి పెట్టి, వాటి నెత్తిన మూడోవాణ్ణి కూర్చోబెట్టే పద్ధతి. పేరేమో ఇంగ్లీషు అక్షరమాలలో చివరి మూడక్షరాలు. ఎవడు చూసినా ఎక్స్ వై జెడ్ అనే చదువుతాడు. కాదట, 'ఎక్సీజ్' అనాలట. నేను బుద్ధిగా అలాగే నేర్చుకుని, ఫోన్లో మా గాజువాక ఫ్రెండుతో "రేపు నీకు ఎక్సీజ్ సమన్ ఉంది, రెడీగా ఉండు" అన్నాను. హాల్లో పేపరు చదువుతున్న నాన్నగారు కళ్లజోడు తీసేశారు. ఎక్సైజ్ వాళ్లు సమన్లెందుకు పంపారు, ఎవడితో తిరుగుతున్నావు, ఎన్నాళ్లుగా ఈ యవ్వారం? సమనంటే మాన్‌స్టర్ కార్డుని ఆటలోకి దింపడమేనంటూ, వణుకుతూ కార్డు తెచ్చి చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "డిగ్రీ ఫైనలియర్. దీనికన్నా వాళ్లు పిలిచుంటేనే నయం" అని మళ్లీ పేపర్లో తల దూర్చారు.

జగదాంబ దగ్గర ఫ్యాన్సీ షాపులో ప్యాకెట్లు కొని మేం ఆట మొదలుపెట్టినప్పుడు మీరు ఇంత లేరు. ఎనిమిది వేల లైఫ్ పాయింట్లు. టర్న్‌కి ఒకటే నార్మల్ సమన్. నాలుగో లెవెల్ దాకా ఊరికే వస్తారు, ఐదూ ఆరూ అయితే ఒకణ్ణి బలివ్వాలి, ఏడూ ఆపైన అయితే ఇద్దర్ని. అమ్మవారి జాతర చూసిన ఏ పిల్లాడికైనా అర్థమయ్యే లెక్క. రిచువల్ సమన్ అంటారా, అది వ్రతం. సామానంతా ముందే సమకూర్చుకోవాలి, తీరా కూర్చున్నాక ఏదో ఒకటి తక్కువవుతుంది. చచ్చిన కార్డులు వేసే కుప్ప పేరు గ్రేవ్‌యార్డ్. మా అమ్మకు మాత్రం ఒకటే అభ్యంతరం ఉండేది. "దీపాలు పెట్టే వేళ గ్రేవ్‌యార్డ్ గ్రేవ్‌యార్డ్ అని ఆ అరుపులేంట్రా!" అందుకని మా ఇంట్లో సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా ఏ మాన్‌స్టరూ చచ్చేది కాదు, 'ఊరెళ్లేది'. మళ్లీ బతికించి తెస్తే 'ఊర్నించి వచ్చాడు' అనేవాళ్లం. ఇది మీలో రాసి లేదు. ఉండాల్సింది.

2008లో సింక్రో తెచ్చారు. కార్డు మీద ట్యూనర్ అని రాసి ఉన్నవాడు ఒకడు, ట్యూనర్ కానివాళ్లు కొందరు, వాళ్ల లెవెళ్లన్నీ కూడితే వచ్చేవాడి లెవెల్ సరిగ్గా రావాలి. మూడూ ఐదూ ఎనిమిది. ఇది నాకు నచ్చింది, దాచను. ఆ లెక్క మీదే నా స్టార్‌డస్ట్ డ్రాగన్ వచ్చేది. ఎనిమిదో లెవెల్, 2500 ఎటాక్, కార్డు మీద రెక్కలు విప్పి నిలబడి ఉంటే పెళ్లికొడుకులా ఉండేది. అదే ఊపులో, ఇలాంటి వాళ్లని విడిగా పెట్టుకునే పాత ఫ్యూజన్ డెక్‌కి ఎక్స్‌ట్రా డెక్ అని పేరు మార్చి, పదిహేను కార్డులు మించకూడదన్నారు. సరే అన్నాం. ఎక్సీజ్‌కీ సరే అన్నాం. మా నాన్నగారి రమ్మీకి పదమూడు ముక్కలు. ఆయన ఉద్యోగంలో చేరిననాడూ పదమూడే, రిటైరైననాడూ పదమూడే. అది వేరే కాలం, ఇది వేరే ఆట అని సర్దుకుపోయాం.

2014లో విశాఖకు రెండు తుపాన్లు వచ్చాయి. ఒకటి అక్టోబర్ 12న వచ్చిన హుద్‌హుద్. రెండోది మీ పెండ్యులం. ముందురోజు మా ఇంటికొచ్చిన గాజువాక ఫ్రెండు చెట్లు పడి దారులన్నీ మూసుకుపోయి మాతోనే ఉండిపోయాడు. కరెంటు లేదు, నీళ్లు లేవు, కైలాసగిరి మీద పచ్చగా ఉన్నదంతా గుండు కొట్టినట్టయిపోయింది. వాడి బ్యాగులో మాత్రం కొత్త పెండ్యులం కార్డులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. కొవ్వొత్తి పెట్టుకుని కూర్చున్నాం. ఆ కార్డు పైసగం మాన్‌స్టర్ రంగు, కిందిసగం ఆకుపచ్చ. బొమ్మ కింద ఒక పెట్టె, దాని కింద ఇంకో పెట్టె, రెండింట్లోనూ మందుల సీసా మీద ఉండే సైజు అక్షరాలు. మొదటి పెట్టెకు అటొక అంకె, ఇటొక అంకె, దాన్ని స్కేల్ అంటారు. ఒక చివర ఒకటో స్కేల్ వాణ్ణి, ఇంకో చివర ఎనిమిదో స్కేల్ వాణ్ణి నిలబెడితే, రెండు నుంచి ఏడు దాకా లెవెల్ ఉన్నవాళ్లంతా చేతిలోంచి ఒకేసారి దిగిపోవచ్చు. ఒకటీ రాదు, ఎనిమిదీ రాదు. ఎందుకు రాదో చదువుదామని వాడు కార్డుని మంటకు దగ్గరగా పెట్టాడు. మైనం చుక్క సరిగ్గా ఆ అంకె మీద పడింది. గోటితో గీకితే అంకె కూడా కాస్త లేచి వచ్చింది. ఆ తర్వాత ఆ కార్డు స్కేల్ ఎంతంటే, వాడు గెలుస్తుంటే ఎనిమిది, నేను గెలుస్తుంటే తొమ్మిది.

ఈ పెండ్యులం వాళ్లు చచ్చినా ఊరెళ్లరు. ఎక్స్‌ట్రా డెక్‌లో మొహం పైకి పెట్టి పడుకుంటారు, మళ్లీ మన వంతు రాగానే లేచి వస్తారు. అలిగి పందిట్లోంచి లేచిపోయి, వడ్డన మొదలవగానే ఆకు ముందు కనిపించే బాబాయిల్లా. ఆ ఏడాదే, ముందు ఆడేవాడు మొదటి టర్న్‌లో కార్డు తీసుకోకూడదని కూడా రాశారు. ముందు వచ్చిన చెవులకన్నా వెనక వచ్చిన కొమ్ములు వాడి అన్నది మాకు సామెత, మీకు రాజ్యాంగం.

ఇక అసలు కేసు. 2017 జులై, మా మేడ మీద, చాప. నా స్టార్‌డస్ట్ డ్రాగన్ దిగింది. తర్వాత మూడూ నాలుగూ ఏడు వేసి బ్లాక్ రోజ్ డ్రాగన్‌ను తీసి పక్కన పెట్టబోయాను.

"ఆగు. అక్కడ పెట్టకూడదు" అన్నాడు మావాడు.

"మిగతా నాలుగు గళ్లూ ఖాళీగానే ఉన్నాయి కదరా."

"ఖాళీగా ఉంటే పెట్టేయడమేనా?"

అప్పుడు చూపించాడు మీ కొత్త పేజీ. ఇద్దరి మధ్యా కొత్తగా రెండు గళ్లు వెలిశాయి. ఎక్స్‌ట్రా డెక్‌లోంచి వచ్చేవాడు వాటిలో ఒకదానిలోనే దిగాలి. అది నిండిపోయిందా, రెండోవాడు ఎక్కడ పడితే అక్కడ కూర్చోడానికి లేదు. లింక్ మాన్‌స్టర్ అని నీలం రంగువాడొకడు ఉంటాడు, వాడి అంచుల మీద ఎర్ర బాణాలుంటాయి, ఆ బాణం చూపించిన గడిలోనే కూర్చోవాలి.

మా ఆర్టీసీ కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం బస్సు ఊహించుకోండి. కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టడం మా జన్మహక్కు. మీరేమన్నారంటే, బస్సంతా ఖాళీగా ఉన్నా కర్చీఫ్ పడని సీట్లో కూర్చోకూడదు. సొంత కర్చీఫ్ చెల్లదు. బస్సు మీదే, కర్చీఫులు అమ్మేదీ మీవాళ్లే. పైగా కర్చీఫ్‌కీ కర్చీఫ్‌కీ బాణాలు వేరు, ఒకటి ఎదురుగా చూపిస్తుంది, ఒకటి మూలకి చూపిస్తుంది, ఒకటి తిన్నగా అవతలివాడి సీటు వైపే చూపిస్తుంది. ఎన్ఏడీ ఫ్లైఓవర్ ఎక్కినప్పుడు కూడా నేను బాణాల్ని ఇంత భయంగా చూడలేదు.

ఆ నీలం రంగువాడికి లెవెల్ లేదు. డిఫెన్స్ లేదు. కాబట్టి అడ్డంగా పడుకోబెట్టడానికి లేదు. ఎప్పుడూ నిటారుగా నిలబడే ఉంటాడు, మా హైస్కూల్ డ్రిల్లు మాస్టారిలా. ఆ సాయంత్రం నా డ్రాగన్ మధ్య గడిలో ఒంటరిగా, దాని వెనక ఐదు ఖాళీ గళ్లు, పక్కన డబ్బాలో పద్నాలుగు మంది టికెట్ ఉండీ ఎక్కలేనివాళ్లు. మూడో టర్న్‌లో ఓడిపోయాను. ఓడిపోవడం నాకు కొత్త కాదు, ఖాళీ ఉండీ ఓడిపోవడం కొత్త.

మీ భాష గురించి కూడా ఒక మాట. పీటెన్ అనే జోకర్ కార్డు ఉంది. అది గ్రేవ్‌యార్డ్‌కి వెళ్లినప్పుడు, దాన్ని ఆటలోంచే తీసేసి ఇంకో పీటెన్‌ను పిలుచుకోవచ్చు. నేను దాన్ని బలిచ్చి పెద్దవాణ్ణి దింపి, రెండో పీటెన్ కోసం డెక్ మీద చెయ్యి వేశాను. "మిస్సింగ్ ద టైమింగ్" అన్నాడు మావాడు. ఏమిటంటే, కార్డు మీద 'వెన్' అని ఉంది. జోకర్ పోయాడు, ఆ తర్వాత పెద్దవాడు వచ్చాడు. ఆఖరున జరిగింది పెద్దవాడి రాకే కాబట్టి జోకర్ పోవడం పాత వార్త అయిపోయింది, హక్కు పోయింది. అదే 'ఇఫ్' అని ఉంటే పిలుచుకోవచ్చట. అంటే 'వెళ్లినప్పుడు' అంటే లేదు, 'వెళ్తే' అంటే ఉంది. అదీ 'పిలుచుకోవచ్చు' అని మర్యాదగా రాసినందుకు. 'పిలవాలి' అని గద్దించి ఉంటే ఈ గొడవే లేదు. తెలుగు మాస్టారు చేదర్థకం చెప్తుంటే నేను కిటికీలోంచి జామచెట్టు చూశాను. ఆ పాపం ఇన్నేళ్లకి ఇలా తగిలింది.

మీ సాహిత్యం మొత్తంలో నాకు ఒక్క చదువుకే అర్థమైన కార్డు పాట్ ఆఫ్ గ్రీడ్. 'రెండు కార్డులు తీసుకో', అంతే. దాన్ని మీరు నిషేధించారు.

అన్నట్టు 2011 మార్చి నాటికే 2,500 కోట్లకు పైగా కార్డులు అమ్ముడయ్యాయని గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. అప్పటి ప్రపంచ జనాభా 700 కోట్లు. తలా మూడు పైనే. మా నాయనమ్మ వాటా మూడూ ఎవరి దగ్గరున్నాయో కనుక్కుని పంపగలరు.

2020లో మీరు మనసు మార్చుకున్నారు. ఫ్యూజన్, సింక్రో, ఎక్సీజ్ వాళ్లు మళ్లీ ఏ గడిలోనైనా దిగొచ్చన్నారు. పెండ్యులం వాళ్లు ఎక్స్‌ట్రా డెక్‌లోంచి లేస్తే మాత్రం ఇంకా కర్చీఫ్ కావాలి, లింక్ వాళ్లకీ కావాలి, అది వాళ్ల కర్మ. నా డ్రాగన్లకు విముక్తి వచ్చింది. మూడేళ్లు ఎదురుచూసిన రోజు. ఏ రోజు? ఏప్రిల్ ఒకటి. లాక్‌డౌన్ పెట్టి వారం.

చాప వేసుకుని నేనొక్కణ్ణే కూర్చున్నాను. స్టార్‌డస్ట్ పెట్టాను. పక్కనే బ్లాక్ రోజ్ పెట్టాను. ఎవరూ ఆగమనలేదు. ఎదురుగా చాప సగం ఖాళీ. సాయంత్రం మావాడికి వీడియో కాల్ చేశాను. వాడు ఫోన్‌ని స్టీలు గ్లాసుకి ఆనించాడు, అది జారి పడి గంటసేపు వాళ్ల సీలింగ్ ఫ్యానే కనబడింది. "నీ దగ్గర ఏముందిరా?" అంటే "నువ్వే చూడు" అంటాడు. ఫ్యాన్‌కి ఎటాక్ ఎంతో, దానికి మూడు రెక్కలున్నాయి కాబట్టి ఎన్ని బాణాలో మీరే చెప్పాలి.

మధ్యలో కొన్న కర్చీఫుల మాట అడగను. అవి లేకుండా ఇప్పుడూ ఎవరూ గట్టిగా ఆడట్లేదు, అది మీకూ తెలుసు.

2008, 2011, 2014, 2017, 2020. సిద్ధాంతిగారు పంచాంగం కూడా ఇంత పద్ధతిగా వెయ్యరు. ఆ లెక్కన 2023లో ఏదో ఒకటి రావాలి. కొత్త సమన్ ఏదీ రాలేదు. నాకు టెన్షన్ అక్కడే. ఆర్కే బీచ్‌లో సముద్రం బాగా వెనక్కి తగ్గితే కుర్రాళ్లు రాళ్లెక్కి సెల్ఫీలు దిగుతారు. 2004 గుర్తున్నవాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని రోడ్డు మీదకొచ్చేస్తారు. నేను ఇప్పుడు చెప్పులు చేత్తో పట్టుకునే ఉన్నాను.

కాబట్టి విన్నపం ఒకటే. ఈసారి కొత్త గళ్లు గీసేటప్పుడు, నా పద్నాలుగు మందిలో ఎవరెవరు బయట నిలబడాలో ఒక నెల ముందు చెప్తే, కనీసం వాళ్లకి సర్ది చెప్పుకుంటాను.

ఇట్లు,
భవదీయుడు,
కర్చీఫ్ లేని ప్రయాణికుడు

తా.క.: మా మేనల్లుడికి మిమ్మల్ని చదివి వినిపిస్తే నాలుగో పేజీలో "ఏటి మావయ్యా ఇది" అని లేచిపోయి, తాతయ్య దగ్గర రమ్మీ నేర్చుకుంటున్నాడు. నిన్న వాడు గెలవబోతుంటే నాన్నగారు వాడి చేతిలో జోకర్ని చూసి, దాన్ని వరుసగా రెండు ఆటల్లో వాడకూడదని రూల్ చెప్పారు. "ఎప్పట్నుంచి తాతయ్యా?" అన్నాడు వాడు. ఆయన ముక్కలు సర్దుకుంటూ, "ఈ ఆట నుంచి" అన్నారు.