ఉద్ధారకుడు కావలెను

హాకీ జట్టు భవిష్యత్తు ఒక్క కుర్రాడి మీద ఆధారపడి ఉంటుందా అని అడిగేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఉంటుంది, సందేహమే లేదు. లేకపోతే యజమానులు, మేనేజర్లు, కోచ్‌ల మీద ఆధారపడాల్సి వస్తుంది. ఆ వయసులో వాళ్ల మీద అంత బరువు మోపడం న్యాయమా? పద్దెనిమిదేళ్ల పిల్లాడైతే భుజాలు గట్టిగా ఉంటాయి.

ఇది మన ధ్యాన్‌చంద్ హాకీ కాదు, అమెరికా, కెనడాల్లో మంచు మీద ఆడే హాకీ. అక్కడి నేషనల్ హాకీ లీగ్‌లో ఏటా డ్రాఫ్ట్ జరుగుతుంది. కొత్త కుర్రాళ్లను జట్లు వరసగా ఎంచుకుంటాయి. ఎవరు బాగా ఓడితే వాళ్లకు ముందు వరస. ఇంత దయగల చట్టం మరొకటి నేనెరగను.

ఓడటం తేలికని మాత్రం అనుకోకండి. 1983-84 సీజన్‌లో మారియో లెమ్యూ అనే కుర్రాడు డ్రాఫ్ట్‌కి వస్తున్నాడని తెలిసి పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ పడ్డ శ్రమ చూడండి. అట్టడుగు స్థానం కోసం న్యూజెర్సీతో నువ్వా నేనా అన్నట్టుంది. 1981లో లీగ్‌లోకెల్లా ఉత్తమ డిఫెన్స్ ఆటగాడిగా బహుమతి అందుకున్న ర్యాండీ కార్లైల్‌ని విన్నిపెగ్‌కి సాగనంపారు. పక్‌ని, అంటే బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లని, కాస్తో కూస్తో ఆపుతున్న గోలీ (గోల్ కాసేవాడు) రొబెర్టో రొమానోని కింది లీగ్‌కి పంపి, అంత ఇబ్బంది పెట్టని గోలీని పైకి తెచ్చుకున్నారు. గెలవడానికి ఇంత పకడ్బందీగా ప్లాన్ వేసిన జట్లు అరుదు. లెమ్యూ వచ్చాడు, 1991, 1992ల్లో లీగ్ విజేతకిచ్చే కప్పులూ వచ్చాయి. మధ్యలో ఏడేళ్లు పట్టిందనీ, ఈలోగా యాగర్, ఫ్రాన్సిస్, బరాసో లాంటివాళ్లు చేరాకే పని జరిగిందనీ గిట్టనివాళ్లు అంటారు. పట్టించుకోకండి.

1993లో ఒటావా కూడా కావాలనే ఓడిందని గోల లేచింది. వాళ్లకు దక్కినవాడు అలెగ్జాండ్ర్ డేగ్. రెండోవాణ్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారని అతను డ్రాఫ్ట్ నాడు అన్నాడు. ఆ రెండోవాడు క్రిస్ ప్రాంగర్ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కాడు. డేగ్ గురించి జనానికి గుర్తున్నది ఆ మాటే. ఈ గొడవతో 1995 నుంచి, మొదటి ఎంపిక ఎవరిదో తేల్చడానికి లీగ్ లాటరీ పెట్టింది. పద్నాలుగు నంబర్ల బంతులు మెషిన్‌లో గిరగిరా తిరుగుతాయి, నాలుగు బయటికొస్తాయి. కుర్రాళ్లను వెతికే స్కౌట్లు, విశ్లేషకులు, కంప్యూటర్లు అన్నీ పెట్టుకుని, కోట్లు వేసుకున్న పెద్దమనుషులు చివరికి ఆ నాలుగు బంతుల కోసం ఊపిరి బిగబట్టి కూర్చుంటారు.

ఈ విద్యలో బఫెలో సేబర్స్‌ని మించినవాళ్లు లేరు. 2015 మార్చి 26న సొంతూళ్లో అరిజోనాతో మ్యాచ్. రెండూ అట్టడుగు జట్లే. పైగా అందరూ కన్నేసిన కుర్రాడు కానర్ మెక్‌డేవిడ్ డ్రాఫ్ట్‌కి వస్తున్న ఏడాది. ఓవర్‌టైమ్‌లో అరిజోనా ఆటగాడు సామ్ గాన్యే గోల్ కొట్టగానే స్టేడియంలో ఈలలు, కేకలు. సొంత జట్టు ఓడినందుకు, టికెట్ కొని వచ్చిన సొంత జనం చేసిన సంబరం అది. మంచు మీద నిలబడ్డ బఫెలో ఆటగాళ్ల మొహాలు ఎవరికి కావాలి? వాళ్లు పెద్దవాళ్లు, అంటే పాతికేళ్లు దాటినవాళ్లు. భవిష్యత్తు కిందికి రారు.

అలా చెమటోడ్చి చివరి స్థానం సాధించినందుకు లాటరీలో 20 శాతం అవకాశం ఇచ్చారు. 11.5 శాతం ఉన్న ఎడ్మంటన్ ఆయిలర్స్ మెక్‌డేవిడ్‌ని తన్నుకుపోయింది. బఫెలోకి జాక్ ఐకెల్ దక్కాడు. అతన్ని కెప్టెన్‌ని చేశారు, తర్వాత మెడకి ఏ ఆపరేషన్ చేయించాలన్న దగ్గర పేచీ వచ్చి 2021లో లాస్ వెగాస్‌కి పంపేశారు. అతను 2023లో అక్కడ కప్పు గెలిచాడు. అంతకుముందు ఏడాది, 2014లో, బఫెలో తెచ్చుకున్న శామ్ రైన్‌హార్ట్ కూడా ఫ్లోరిడాకి వెళ్లి, 2024 ఫైనల్ ఏడో మ్యాచ్‌లో కప్పు తెచ్చిన గోల్ కొట్టాడు. అంటే ఉద్ధారకులు ఉద్ధరించారు. ఎవరిని అనేది చిన్న వివరం. బఫెలో మాత్రం 2012 నుంచి 2025 దాకా వరసగా 14 సీజన్లు ప్లేఆఫ్స్, అంటే కప్పు కోసం ఆడే చివరి పోటీల, గడప తొక్కలేదు. మధ్యలో 2018లో, 2021లో మొదటి ఎంపిక దక్కినా సరే.

ఇదంతా ఇల్లరికం వ్యవహారం. అప్పుల్లో మునిగిన ఇంటికి బుద్ధిమంతుడైన కుర్రాణ్ని తెచ్చి, బాకీ నోట్లన్నీ చేతిలో పెట్టి, మామగారు అరుగు మీద పేకాటకి కూర్చుంటాడు. ఇల్లు నిలబడకపోతే అల్లుడు అచ్చిరాలేదంటాడు.

అచ్చిరావడం అంటే గుర్తొచ్చింది. నిజంగా జట్లు ఎగబడాల్సింది టేలర్ హాల్ కోసం. 2010లో ఎడ్మంటన్ మొదటి ఎంపికగా తెచ్చుకుంది. అతను అక్కడుండగా 2011, 2012, 2015ల్లో మళ్లీ మొదటి ఎంపికలు దక్కాయి. కప్పు లేదు. న్యూజెర్సీకి పంపితే అక్కడ 2017, 2019. బఫెలోలో కొన్ని నెలలు ఆడి 2021 ఏప్రిల్‌లో బాస్టన్‌కి వెళ్లిపోతే, ఆ ఏడాది లాటరీ బఫెలోదే! ఇలాంటి పాదం ఉన్న మనిషి ఎదురుగా ఉండగా, ఊరూరా స్కౌట్లను తిప్పడం దుబారా కాదూ?

డెట్రాయిట్ లాంటి జట్లు మాత్రం మొండివి. లిడ్‌స్ట్రామ్‌ని 53వ వాడిగా, దత్సుక్‌ని 171వ వాడిగా, జెట్టర్‌బర్గ్‌ని 210వ వాడిగా ఏరుకుని, ఓపిగ్గా తయారుచేసుకుని కప్పులు గెలిచాయి. అది పద్ధతి కాదు. అందులో పని ఉంది. పైగా తప్పు జరిగితే ఎవరిదో తెలిసిపోతుంది.

ఇక 2025 సంగతి. శాన్ హోసె షార్క్స్ 82 మ్యాచ్‌లూ ఆడి నిజాయితీగా ఆఖరి స్థానం తెచ్చుకుంటే వాళ్లకు దక్కింది రెండో ఎంపిక. మరీ చెత్తగా ఏమీ ఆడని న్యూయార్క్ ఐలాండర్స్ 3.5 శాతం అవకాశంతో మొదటి ఎంపిక కొట్టేసి, మాథ్యూ షేఫర్‌ని తీసుకుపోయారు. ఆ జట్టు అప్పటి మేనేజర్ లూ లామొరెల్లో, గతంలో న్యూజెర్సీకి మూడు కప్పులు తెచ్చిపెట్టిన మనిషి. ఆయన కాంట్రాక్టు పొడిగించేది లేదని జట్టు చెప్పింది లాటరీకి రెండు వారాల ముందే. ఎలాగోలా ఆ రెండు వారాలు కుర్చీ వదలకుండా ఉండుంటే, ఆ నాలుగు బంతులూ ఆయన దూరదృష్టికి నిదర్శనమని పత్రికలన్నీ రాసి ఉండేవి.